ఆంగ్లభాషా పాఠము: ‘టు’ యా? ‘ఇంగ్’ యా?



బిడ్డకు జ్వరము తగ్గినది. తల్లి మందు మానిపించి, ఆ సంగతి తెలుగెఱుగని వైద్యునకు దెలుపనెంచి, “ఐ స్టాప్డ్ టు గివ్ ది మెడిసిన్” అని జాబు వ్రాసిన దనుకొందము. వైద్యుడు దాని నెట్లు గ్రహించును? “చేయుచున్న పని నాపి మందిచ్చితిని” అనియే గదా! ఆమె వ్రాయవలసినది “ఐ స్టాప్డ్ గివింగ్ ది మెడిసిన్” అని. మానిన మందు ఇచ్చిన మందైపోయినది.

ఈ పొరపాటు తెలివితక్కువవలన గలుగునది కాదు. తెలుగున మనము “ఇచ్చుట మానితిని” అనియు, “ఇచ్చుటకై ఆగితిని” అనియు రెండు వేఱు క్రియలను వాడుదుము. ఇంగ్లీషున ‘స్టాప్’ అను నొక్క మాటయే రెండింటికిని వచ్చును. భేదమంతయు దాని వెనువెంట వచ్చు మాటలో నున్నది.

‘రిమెంబర్’ అను మాటయు నిట్టిదే. “రిమెంబర్ టు లాక్ ది డోర్” అనగా తాళము వేయుట మఱవకుము. పని యింకను కావలసియున్నది. “ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్” అనగా తాళము వేసినట్లు జ్ఞాపకమున్నది, పని యైపోయినది. ‘ఫర్గెట్’ విషయమునను ఇంతే. కావున ఈ మూడు మాటలతో అయిన పనికి, లేక అగుచున్న పనికి ‘ఇంగ్’. కావలసిన పనికి ‘టు’ అని గుర్తుంచుకొనిన చాలును.

అయితే ఈ గుర్తు అన్ని మాటలకును చెల్లదు. ‘ఎంజాయ్’, ‘ఫినిష్’, ‘అవాయిడ్’ అను వాని తరువాత ‘ఇంగ్’ యే రావలెను. ‘వాంట్’, ‘హోప్’, ‘డిసైడ్’ అను వాని తరువాత ‘టు’ యే రావలెను. వీనిని ఎక్కముల వలె కంఠస్థము చేయవలసినదే. ‘బిగిన్’, ‘స్టార్ట్’ అను వానితో నేది వ్రాసినను సాధారణముగా అర్థము మారదు.

జాబుల చివర తఱచు వచ్చు నొక చిక్కు కలదు. “ఐ లుక్ ఫార్వర్డ్ టు సీ యు” అని పలువురు వ్రాయుదురు. “టు సీయింగ్ యు” అని వ్రాయవలెను. సందేహము కలిగినప్పుడు ‘టు’ తరువాత నొక నామమును బెట్టి చూడుడు. “ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్” అని చక్కగా కుదురుచున్నది గదా! అట్లు కుదిరినచో అచట క్రియకు ‘ఇంగ్’ చేర్పవలెను.

ఈ మాసపు అభ్యాసము: “అమ్మకు జాబు వ్రాయుట మఱచితిని”, “అమ్మకు జాబు వ్రాసినట్లే నాకు జ్ఞాపకము లేదు” అను వాక్యములను ‘ఫర్గెట్’, ‘రిమెంబర్’ అను మాటలతో ఇంగ్లీషున వ్రాసి చూచుకొనుడు. మొదటిదానిలో జాబు వ్రాయనే లేదు. రెండవదానిలో వ్రాసిరో లేదో తెలియదు. ఈ తేడా తెలిసినచో పాఠము వచ్చినట్లే యని మేము తలంతుము.