ఓటు హక్కుకు కావలి ఎవరు?

పూర్వము మనవారెందరో కాకినాడ, విశాఖ రేవులలో ఓడ యెక్కి, పొట్ట చేతబట్టుకొని రంగూను పోయేవారు. 1962లో బర్మా సైన్యము ప్రభుత్వమును కూలద్రోసిన తరువాత, అక్కడ బ్రతుకుతెరువు లేక వేలాది భారతీయులు తిరిగివచ్చారు. వారిలో తెలుగువారును ఉన్నారు. కనుక ఆ దేశపు సంగతి మనకు పరాయిది కాదు.

1948లో ఐక్యరాజ్యసమితి చేసిన మానవ హక్కుల ప్రకటనకు బర్మా కూడ ఓటు వేసింది. ప్రభుత్వాధికారమునకు ప్రజల అభీష్టమే మూలమని అందులోని 21వ అధికరణము చెబుతున్నది. అట్టి దేశములో 1990 ఎన్నికలలో ప్రజలు ఆంగ్ సాన్ సూకీ పక్షమును గెలిపించగా సైనికులు గద్దె దిగలేదు. 2020లో మళ్లీ గెలిపించగా, 2021 ఫిబ్రవరి 1న అధికారమును మళ్లీ లాగుకొన్నారు.

ప్రకటన ఆశయమే గాని కట్టుబాటు కాదు. కట్టుబాటుగా 1966లో ఒక ఒడంబడిక వ్రాశారు. నిజమైన ఎన్నికలలో ఓటు వేసే హక్కును దాని 25వ అధికరణము ఇచ్చింది. మన దేశము 1979లో అందులో చేరింది. బర్మా చేరలేదు. అయినను, చేరిన దేశమే మాట తప్పితే అడిగేదెవరు?

ఒకరి యింటి వ్యవహారములో ఇంకొకరు తలదూర్చరాదని కొందరంటారు. సమితి నిబంధనావళిలోను ఆ మాట ఉన్నది. ఆ భయము వట్టిది కాదు. 2003లో ఇరాకుపై దండెత్తిన పెద్ద దేశాలు ప్రజాస్వామ్యము పేరు కూడ చెప్పాయి. కాపలా పేరుతో ఇల్లు దోచే కావలివాడు మనకు వద్దు.

అయితే తుపాకి ఎత్తకుండ చేయగల పని ఒకటి ఉన్నది. ఆఫీసులలో పనిచేసేవారికి అది తెలిసినదే. అధికారము లేనివాడు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన అతని సంతకము చెల్లదు. ఆ కాగితమును ఏ గుమాస్తాయు పద్దులో ఎక్కించడు. 2021 డిసెంబరులో సమితి సర్వసభ్య సభ చేసినది ఇంచుమించు ఇదే. బర్మా ఆసనము ఎవరిదన్న నిర్ణయమును వాయిదా వేసింది. సైన్యము పంపిన మనిషికి అది దక్కలేదు. ఎన్నికైన ప్రభుత్వము నియమించిన రాయబారియే కొనసాగారు.

దానితో అక్కడ కాల్పులు ఆగలేదు, నిజమే. కాని దొంగ సంతకమునకు లోకము ముద్ర వేయలేదు. నేడిది ఒకచోట జరుగుతున్నది, ఇంకొకచోట జరుగుట లేదు. ఓటును త్రొక్కి గద్దె యెక్కినవానికి ఆసనము లేదని, అప్పు పుట్టదని, ఆయుధాలు అమ్మరాదని ముందుగానే చట్టము వ్రాసి, పెద్ద దేశానికి చిన్న దేశానికి ఒకేరీతిగా వర్తింపజేయాలి. ప్రజాస్వామ్యమును మానవ హక్కుగా కాపాడుట అంటే మా దృష్టిలో ఇదే.

ఈ విషయములో పాఠకులు, ముఖ్యముగా బర్మానుండి వచ్చిన కుటుంబములవారు, తమ అభిప్రాయములు వ్రాయగోరుతున్నాము.