రీసెట్ నొక్కే ముందు ఒక్క నిమిషం

మీరు అనంతపురంలో రూములోనో, బెంగళూరులో హాస్టల్లోనో ఉంటారు. పొద్దున్నే నాయన ఫోన్. "తోట కాడి స్టార్టర్‌కి ఫోన్ కొడితే మోటారు ఆన్ కావడం లేదు. ఏమైందో చూసి చెప్పు." చీనీ చెట్లకు నీళ్లు పారి నాలుగు రోజులైంది. వ్యవసాయానికి కరెంటు ఇచ్చేదే రోజుకు 9 గంటలు. తోట ఊరికి మూడు కిలోమీటర్ల దూరం. మీరేం చెబుతారు?

మనలో చాలామంది చెప్పేది ఒకటే: "ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చెయ్యి." ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. కానీ ఎందుకు పనిచేసిందో తెలీదు. అందుకే వారం తర్వాత అదే సమస్య వస్తే మళ్లీ అదే చెబుతాం. ఆ మూడు కిలోమీటర్లు నడిచేది మాత్రం నాయనే.

ఇప్పుడు ఇంకో సన్నివేశం. టెక్నికల్ సపోర్ట్, నెట్‌వర్క్ సపోర్ట్, ఐఓటీ ఫీల్డ్ ఇంజినీర్ లాంటి ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురవుతుంది: "కస్టమర్ ఇంట్లో స్మార్ట్ హోమ్ హబ్ ఉంది. లైట్లు, ఫ్యాన్లు, కెమెరా అన్నీ దాని మీదే నడుస్తాయి. నిన్నటిదాకా బాగుంది. ఈరోజు యాప్‌లో అన్‌రీచబుల్ అని వస్తోంది. ఏం చేస్తారు?" స్మార్ట్ హోమ్ మనింట్లో ఎక్కడుంది అని మీరు అక్కడే తగ్గిపోవచ్చు. తగ్గనక్కర్లేదు. దూరంగా ఉన్న యంత్రాన్ని ఫోన్‌తో నడిపే పెట్టె మీ తోటలో ఎప్పుడో వచ్చింది. హబ్ అన్నది దాని పట్నం చుట్టమే.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. పడమటి కనుమల నీడలో ఉన్నాం కాబట్టి నైరుతి మేఘం ఇక్కడికొచ్చేసరికి తేలిపోతుంది. అందుకే బతుకంతా బోరు మీదే. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, రాత్రయినా, పాముల్లో చీకట్లో మోటారు దగ్గరికి పరిగెత్తిన రోజులు ఇంటి పెద్దల్ని అడగండి, చెబుతారు. సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్ ఆ నడక తప్పించింది. అది అందకపోతే పాత నడక మళ్లీ మొదలు.

అందుకే ముందు స్టార్టర్‌తోనే చూద్దాం. ఫోన్ చేస్తే ఏం వినిపించింది? రింగ్ అయిందంటే సిమ్, సిగ్నల్, పెట్టెకు కరెంటు మూడూ బాగున్నట్టే. ఇక చూడాల్సింది ఆ తర్వాతి సంగతి: మీ నంబరు అందులో రిజిస్టరై ఉందా, ఒక ఫేజు పోయిందా, బోరులో నీళ్లు తగ్గి డ్రై రన్ రక్షణ మోటారును ఆపేసిందా? ఇన్‌కమింగ్ సౌకర్యం లేదని వినిపిస్తే రీఛార్జ్ గడువు చూడాలి. "నాట్ రీచబుల్" అంటే మాత్రం తొందరపడొద్దు. సిగ్నల్ పోయినా ఆ మాటే వస్తుంది, బ్యాటరీ లేని పెట్టెకు హఠాత్తుగా కరెంటు పోయినా ఆ మాటే రావచ్చు. మనం ఫోన్ స్విచాఫ్ చేస్తే అది నెట్‌వర్క్‌కు చెప్పి ఆగుతుంది. కరెంటు తెగిన పెట్టెకు ఆ వ్యవధి ఉండదు.

ఈ రెండింటినీ ఎలా విడదీయాలి? అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పక్క తోట మామకు ఒక ఫోన్ చేయండి. "మామా, మీ మోటారు ఆడుతోందా?" ఆయనదీ ఆడకపోతే కరెంటు లేదేమో. ఆయనది ఆడుతుంటే లోపం మీ పెట్టెలోనో, మీ సిమ్‌లోనో, మీ లైన్‌లోనో. ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు సగం తగ్గింది. ఇంజినీర్లు చేసే ట్రబుల్‌షూటింగ్ అంటే ఇదే: గొలుసును మధ్యలో పట్టుకుని, ఇటువైపు బాగుందా అటువైపు బాగుందా అని తేల్చుకుంటూ పోవడం. ఒక్క హెచ్చరిక: పెట్టె మూత తీసే పని మీది కాదు. లోపల ఉండేది మూడు ఫేజుల కరెంటు. అక్కడ ఎలక్ట్రీషియనో లైన్‌మనో ఉండాల్సిందే.

ఇదే పద్ధతిని హబ్ మీద పెట్టండి. ముందుగా, ఒక్క బల్బే పలకడం లేదా, అన్నీ పలకడం లేదా? ఒక్కటే అయితే హబ్‌ను అనుమానించే ముందు ఆ బల్బును చూడాలి. అన్నీ అయితే రెండో ప్రశ్న: ఇంటి వైఫైలో ఉన్నప్పుడు యాప్ పనిచేస్తోందా? ఇంట్లో పనిచేసి, బయట మొబైల్ డేటా మీద పనిచేయకపోతే హబ్ బతికే ఉంది. చూడాల్సింది ఇంటి ఇంటర్నెట్‌నూ, కంపెనీ సర్వర్‌నూ. రెండు చోట్లా పనిచేయకపోతే రౌటర్‌కూ హబ్‌కూ మధ్య వెతకాలి. హబ్ లైటు వెలుగుతోందా? రౌటర్ పేజీలో కనెక్టయిన పరికరాల జాబితాలో దాని పేరుందా? ఈమధ్య వైఫై పాస్‌వర్డ్ మార్చారా, కొత్త రౌటర్ పెట్టారా? ఇలాంటి చాలా పరికరాలకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. రౌటర్‌లో అది ఆపేస్తే వాటికి ఇల్లే కనిపించదు.

జాబితాలో పేరుండీ అందకపోతే అడ్రసు చూడండి. రౌటర్ ప్రతి పరికరానికీ 192.168.1.10 లాంటి ఒక నంబరు కొంతకాలానికి ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆ నంబరు మారొచ్చు. పాత నంబరు గుర్తుపెట్టుకున్న యాప్, ఇల్లు మారిన చుట్టానికి పాత అడ్రసుకే ఉత్తరం వేస్తున్నట్టు అక్కడే తలుపు కొడుతుంది. కొత్త నంబరుకు పింగ్ కొట్టి చూడండి. జవాబు వస్తే ఆ నంబరును రౌటర్‌లో హబ్ పేరిట శాశ్వతంగా రిజర్వ్ చేస్తే సరి.

ఇన్ని ప్రశ్నలెందుకు, రీసెట్ నొక్కితే పోదా అంటారా? రీస్టార్ట్ వేరు, ఫ్యాక్టరీ రీసెట్ వేరు. రెండోది నొక్కితే హబ్‌కు జతచేసిన పరికరాలు, పెట్టుకున్న టైమింగ్‌లు మామూలుగా అన్నీ చెరిగిపోతాయి. ఇరవై బల్బులను మళ్లీ ఒక్కొక్కటిగా జతచేయాలి. లోపం ఎక్కడుందో చెప్పే ఆధారమూ దాంతోపాటే పోతుంది.

ఒక్కోసారి లోపం ఆ ఇంట్లోనే ఉండదు. 2022 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ ముందుగా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. కస్టమర్ల హబ్‌లు ఒక్కసారిగా యాప్‌కు అందకుండా పోయాయి. రీసెట్ చేసినవాళ్లకు కష్టం రెట్టింపైంది, తిరిగి సెటప్ చేయాలన్నా అవతల సర్వర్ లేదు. గోడ స్విచ్చులు, కంపెనీ సర్వర్‌తో పనిలేకుండా ఇంట్లోనే నడిచేలా పెట్టుకున్న ఏర్పాట్లు మాత్రం పనిచేశాయి. ఆ జూన్‌లో కస్టమర్లే కొందరు కలిసి కంపెనీని కొని సర్వర్లు తిరిగి నిలబెట్టారు. ముందు కనుక్కుని తర్వాత ముట్టుకోవాలన్నది వాళ్లకు ఖరీదైన పాఠం. మనకు ఉచితంగా దొరికింది.

మార్కుల జాబితాలో కనిపించని ఈ అలవాటునే ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెతుకుతారు. సరైన జవాబు కన్నా ముందు మీరు ఏ ప్రశ్న అడుగుతారో గమనిస్తారు. "ఏం మారింది? ఎప్పటి నుంచి? ఒకదానికేనా, అన్నిటికీనా?" అని అడిగే అభ్యర్థికీ, "రీసెట్ చేస్తాను సార్" అనే అభ్యర్థికీ తేడా నిమిషంలో తెలిసిపోతుంది. జేఎన్‌టీయూలో చదివినా, ఎస్కేయూలో చదివినా, ఊరి డిగ్రీ కాలేజీలో చదివినా ఈ అలవాటుకు ఫీజు లేదు.

ఈ వారమే మొదలుపెట్టండి. ఇంట్లో రౌటర్ ఉంటే దాని పేజీ తెరిచి ఏ పరికరానికి ఏ నంబరుందో రాసుకోండి. లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ కలిపి పింగ్ కొట్టి చూడండి. ఏదైనా పాడైనప్పుడు ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ఏం చేశారో, ఏమైందో నోట్‌బుక్కులో రెండు ముక్కలు రాయండి. పునాది కావాలంటే ఎన్‌పీటీఈఎల్‌లో కంప్యూటర్ నెట్‌వర్కుల పాఠాలు, ఐఐటీ ఖరగ్‌పూర్ వారి ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. రెజ్యూమెలో "ప్రాబ్లం సాల్వింగ్ స్కిల్స్" అన్న అరిగిపోయిన మాట తీసేసి, తోట స్టార్టర్ ఎందుకు అందలేదో ఎలా తేల్చారో రెండు వాక్యాల్లో రాయండి. అది మీరు నిజంగా చేసిన పని. ఎన్ని ప్రశ్నలు వేసినా తడబడరు.

రేపు నాయన మళ్లీ ఫోన్ చేస్తాడు. ఈసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని చెప్పకండి. "రింగ్ అవుతోందా నాయనా?" అని అడగండి.