ఆలికి పాజిటివ్ అయితే మగడు ఏం తెలుసుకోవాలి?

పోయిన నెల ఒకాయన మా దవాఖానాకు వచ్చి, రోగులందరూ వెళ్లిపోయేదాకా మూల బల్ల మీద కదలకుండా కూర్చున్నాడు. తలుపు దగ్గరికి వేశాక గాని నోరు విప్పలేదు. భార్యకు హెచ్.ఐ.వి. పాజిటివ్ అని రిపోర్టు వచ్చిందట. తనకు నెగటివ్. "హకీంగారూ, ఆమె నాడి చూసి ఇది నిజమో కాదో మీరు చెప్పండి. నిజమైతే మన యునానీ మందే ఇవ్వండి. ఇంగ్లీషు మందు వద్దు, మందుల షాపులో అడిగితే మంసాపురం అంతా తెలిసిపోతుంది" అన్నాడు.

నలభై ఏళ్లుగా నాడి పట్టి చూస్తున్నవాణ్ణి. దుర్బలం, జ్వరం, మిజాజ్‌లో తేడా ఇవి వేలికి తెలుస్తాయి. హెచ్.ఐ.వి. తెలియదు. ఎంత పేరున్న హకీంకైనా తెలియదు. రక్తపరీక్ష ఒక్కటే దారి. ఇక మందు సంగతి. ఈ వైరస్‌ను పోగొట్టే మందు యునానీలో లేదు. ఉందని గోడల మీద రాసేవాళ్లు, బస్టాండులో చీటీలు పంచేవాళ్లు ఉన్నారు. మన ఔషధ నియమాల్లో షెడ్యూల్ 'జె' అని ఒక పట్టిక ఉంది, నయం చేస్తామని చెప్పుకోకూడని జబ్బుల పట్టిక. అందులో ఎయిడ్స్ పేరు ఉంది. మా వృత్తివాళ్లే దాన్ని చదవకపోతే ఇంక ఎవరు చదువుతారు?

ఆయన మాటల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. "ఆమెకెలా వచ్చిందో" అన్నాడు. అన్న తీరు బాగాలేదు.

అందుకు నేను సాత్తూరు సంగతి గుర్తుచేశాను. 2018 డిసెంబరులో మన విరుదునగర్ జిల్లాలోనే, సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భిణికి హెచ్.ఐ.వి. ఉన్న రక్తం ఎక్కించారు. ఆ రక్తమిచ్చిన కుర్రవాడికి తనకు వైరస్ ఉన్నట్టే తెలియదు. వేరే పనికి పరీక్ష చేయించుకున్నప్పుడు తెలిసింది, తెలియగానే తానే వెళ్లి చెప్పాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ నెల ముగియకముందే ఆ పిల్లవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. చంపింది వైరస్ కాదు, సిగ్గు. ఆ తల్లి విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేదు, మదురై హైకోర్టు బెంచి కూడా ఆమెకు పరిహారం ఇవ్వమంది. బాగానే ఉంది. కాని అదే వైరస్ మరో ఇల్లాలికి వస్తే "ఎలా వచ్చింది" అని ఎందుకడుగుతాం? మన దేశంలో ఎందరో ఆడవాళ్లకు ఇది కట్టుకున్నవాడి నుంచే వచ్చింది. 1998లో చెన్నైలో పాజిటివ్ స్త్రీలే కూడి సంఘం పెట్టుకోవలసి వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన కౌసల్యగారు నామక్కల్ వైపు ఆడపడుచు. భర్త నుంచి వైరస్ వచ్చిందని ఆమె దాచుకోకుండా చెప్పారు. ఆ రోజుల్లో అలా చెప్పడానికి ఎంత గుండె కావాలి!

ఎలా వచ్చిందన్నది పక్కన పెట్టి, ఇప్పుడేం చేయాలో నేర్చుకోమన్నాను. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, బిడ్డను ముద్దు పెట్టుకున్నా అంటదు. కలయిక వల్ల, రక్తం వల్ల, తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. 2011లో బయటపడ్డ ఒక పెద్ద పరిశోధన ఉంది. ఒకరికి వైరస్ ఉండి రెండోవారికి లేని 1,763 జంటలను తొమ్మిది దేశాల్లో చూశారు, మన చెన్నై కూడా అందులో ఉంది. ముందుగానే ఎ.ఆర్.టి. మాత్రలు మొదలుపెట్టిన జంటల్లో రెండోవారికి అంటడం 96 శాతం తగ్గింది. మాత్రలు మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే, కలయిక వల్ల భాగస్వామికి అంటదని ఇప్పుడు తేలింది. పరీక్షలో అది తేలేదాకా నిరోధ్ వాడాలి. పిల్లలు కావాలన్నా డాక్టరును అడిగి కనవచ్చు.

మందుల షాపు భయం ఉత్తిది. ఎ.ఆర్.టి. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. 2017 నుంచి పాజిటివ్ అని తేలితే చాలు, రోగం ముదిరేదాకా ఆగనక్కర లేదు. ప్రభుత్వాసుపత్రిలో 'నంబిక్కై మైయం' అని బోర్డు ఉంటుంది, పరీక్ష, సలహా అక్కడే. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఒకరి రిపోర్టు వారి అనుమతి లేకుండా ఊరికి చెప్పకూడదు. భాగస్వామికి డాక్టరు చెప్పవచ్చు గాని, ముందు రోగికే నచ్చజెప్పి, వారు చెప్పరని తేలి, ఫలానా విధంగా చెబుతున్నామని తెలిపాకే. చెబితే ఆడమనిషికి దెబ్బలు తప్పవనుకుంటే చెప్పనేకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. రాసినవాళ్లకు ఇళ్ల సంగతి తెలుసు.

మరి హకీం పనేమిటి? ఉంది. ఆకలి, నిద్ర, బలం చూసుకోవచ్చు. కాని అక్కడా జాగ్రత్త కావాలి, ఈ తప్పు నేను కూడా చేసినవాణ్ణే. నీరసమంటే ఏ మాత్రలు వాడుతున్నారని అడగకుండా కుష్తా ఫౌలాద్ రాసిచ్చేవాణ్ణి. అది ఇనుము. ముత్యపు చిప్ప, పగడం కుష్తాలు సున్నపు జాతివి. ఇప్పుడు ఎ.ఆర్.టి.లో ఇచ్చే డొలుటెగ్రావిర్ మాత్రను పరగడుపున ఇనుముతోనో, సున్నంతోనో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మాత్ర రెండు గంటల ముందో, ఆరు గంటల తరువాతో వేసుకోవాలి. నన్నడిగితే, ఎ.ఆర్.టి. డాక్టరుకు చూపించకుండా ఏ కుష్తా, ఏ మాజూన్ వాడవద్దు. వైద్యుడి దగ్గర సిగ్గుపడి దాచిన మందే ఎక్కువ చేటు చేస్తుంది.

మొన్న శుక్రవారం ఇద్దరూ కలిసి వచ్చారు. మాత్రలు మొదలై పన్నెండు రోజులైందట. ఆమె సంచిలోంచి ఇంకెవరో ఇచ్చిన కుష్తా పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. "దీన్ని ఏం చేయమంటారు అయ్యా?" అంది. నా దగ్గరే ఉంచుకున్నాను. ఆయనకు మూడు నెలలు నిండాక మళ్లీ పరీక్ష ఉంది. తేదీ చీటీ మీద రాసి ఇస్తే, జేబులో పెట్టుకోబోయి ఆగి, ఆమె చేతికిచ్చాడు.