నిలకడా? కొత్తదనమా?

కొత్త వెర్షను వచ్చిందనగానే కంప్యూటరులో ఎక్కించాలన్న ఆత్రం ఒకప్పుడు నాకూ ఉండేది. అర్ధసంవత్సర పరీక్షల ముందునాడు అలాగే ఎక్కించాను. తెలుగు కీబోర్డు అమరిక చెడిపోయింది; ప్రశ్నపత్రాన్ని రాత్రంతా కూర్చుని చేత్తో వ్రాయవలసివచ్చింది. తమిళనాట మా బడిలో తెలుగు టైపుకు ఉన్నది ఆ ఒక్క యంత్రమే.

అలాగని పాతదానినే పట్టుకొని వ్రేలాడటమూ క్షేమం కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రతా సవరణలు అందని యంత్రాన్ని అంతర్జాలానికి కలపడం తలుపులు తీసి నిద్రపోవడమే.

నా దృష్టిలో మధ్యేమార్గం ఇది. డెబియన్ స్థిర వెర్షను సుమారు రెండేండ్లకొకటి వెలువడుతుంది. ఒక్కొక్కదానికి దాదాపు ఐదేండ్లు భద్రతా సవరణలు లభిస్తాయి. పునాదిగా దానిని ఉంచుకోవాలి. లిబ్రెఆఫీస్ వంటివి కొత్తవే కావాలనుకుంటే ఫ్లాట్‌పాక్ ద్వారా విడిగా వేసుకోవచ్చు; పునాది కదలదు. ఇంటికి ఏటా సున్నం వేస్తాము గాని పునాది త్రవ్వము కదా!

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: భద్రతా సవరణలను ఏనాటివి ఆనాడే చేయండి. వెర్షను మార్పును మాత్రం వేసవి సెలవులకు వాయిదా వేయండి. అదీ దస్త్రాలన్నిటినీ మరొకచోట భద్రపరచిన తరువాతనే.