గెలిచినోడే ఆడాలంటే నేర్చుకునేదెవరు?

పూల్ టేబుల్ ఉన్న క్యాంపుల్లో ఒకటే రివాజు. గెలిచినవాడు ఉంటాడు, ఓడినవాడు కర్ర అప్పజెప్పి వెనక్కి పోతాడు. సెలవు రోజు సాయంత్రం చూడండి. గంటసేపు గోడకానుకుని నిలబడ్డ కొత్త కుర్రాడు రెండు దెబ్బలు కొట్టి దిగిపోతాడు. ఆరు నెలలైనా వాడి ఆట అక్కడే. నాలుగేళ్లుగా టేబుల్ పట్టుకున్న వాడి ఆట మాత్రం ఇంకా ముదురుతుంది. మాకిది నచ్చదు. టేబుల్ అందరిదీ. అందుకే వారంలో ఒక్క పూటైనా ఓడినా దిగిపోనక్కర్లేని ఆటలు మా గదివాళ్లం మొదలుపెట్టాం.

మనలో చాలామందికి చెయ్యి తిరిగింది క్యారమ్స్ మీద. కోణం చూసే కన్ను అక్కడిదే, ఇక్కడా పనికొస్తుంది. తేడా ఒక్కటే గానీ పెద్దది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ ప్రతిసారీ మన గీత మీదికి వస్తుంది. పూల్‌లో తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే కొట్టాలి. అందుకని బంతిని పాకెట్లో వెయ్యడం సగం పనే. తెల్ల బంతిని మంచిచోట ఆపడం మిగతా సగం.

మొదటి ఆట దానికే. ఒక బంతిని మూల పాకెట్‌కి జానెడు దూరంలో పెట్టండి. దాని వెనక మూరెడు దూరంలో తెల్ల బంతి. రెండూ, పాకెట్టూ ఒకే గీత మీద ఉండాలి. తెల్ల బంతి నడిమికి కాస్త కింద కొట్టాలి. బంతి పాకెట్లో పడాలి, తెల్ల బంతి తగిలిన చోటే ఆగాలి. రెండూ జరిగితే తెల్ల బంతిని జానెడు వెనక్కి జరపండి, తప్పితే జానెడు ముందుకి. వంతులవారీగా కొడుతూ ఎవరు ఎక్కువ దూరం పోతే ఆట వాళ్లది. దూరం పెరిగేకొద్దీ ఇంకా కింద, ఇంకా గట్టిగా కొడితేగాని ఆగదు. ఎందుకంటే బట్ట రాపిడికి వెనక్కి తిరిగే సుడి దారిలోనే అరిగిపోయి బంతి ముందుకి దొర్లడం మొదలెడుతుంది. ఇది చేత్తో తెలుసుకోవలసిందే, చెబితే రాదు.

ముగ్గురుంటే కట్‌త్రోట్. 1 నుంచి 5 ఒకరివి, 6 నుంచి 10 ఇంకొకరివి, 11 నుంచి 15 మూడోవాడివి. ఎదుటివాళ్లవి వెయ్యాలి, చివరికి ఎవరి బంతి మిగిలితే వాడిదే గెలుపు. తెల్ల బంతి పాకెట్లో పడితే మిగతా ఇద్దరివీ ఒక్కో బంతి తిరిగి టేబుల్ మీదికి వస్తాయి. అంటే అన్నీ పోయి కూర్చున్నవాడు కూడా మళ్లీ లేస్తాడు. గట్టి ఆటగాడి మీదికి ఇద్దరూ కలిసిపోతారు, అదో సరదా.

నలుగురుంటే దెయ్యంతో ఆడతాం. మూడు బంతులు చెదరగొట్టి, మొదటి దెబ్బకి మాత్రం తెల్ల బంతిని మనకి నచ్చినచోట పెట్టుకుని, అంకెల వరసలో మూడూ వెయ్యాలి. ఒక్కటి తప్పినా పాయింటు దెయ్యానిది. దెబ్బకొకరు మారుతూ గదంతా ఒకే జట్టు. తర్వాతివాడికి ఎక్కడ ఆపాలో ముందువాడు ఆలోచించాలి గనక పాతవాళ్లు కొత్తవాళ్లకి నోరు విప్పి చెప్పక తప్పదు. ఏడు పాయింట్ల దాకా. మూడు బంతులు తేలికైతే నాలుగు పెట్టుకోండి. వరసగా వెయ్యడానికి అంతెక్కడుంది? అమెరికాలో విల్లీ మోస్కోనీ 1954లో స్ట్రెయిట్ పూల్‌లో తప్పకుండా 526 బంతులు వేశాడు. 2022లో జేసన్ షా 714 వేశాడు.

టేబుల్ ఒక పక్కకి ఒరిగితే కాలికింద అట్టముక్క మడిచి పెట్టండి. ప్రతి దెబ్బకీ చాక్ రుద్దండి. చాయ్ గ్లాసు బట్ట మీద పెట్టొద్దు.

ఒక్కమాట గట్టిగానే చెబుతున్నాం, అన్నలూ. డబ్బు పందెం వద్దు. ఐదో పదో అనుకుంటారు గానీ ఇక్కడి గల్ఫ్ దేశాల్లో అది జూదం కిందికే వస్తుంది. జైలు, జరిమానా, దేశం నుంచి పంపెయ్యడం దాకా పోవచ్చు. ఊళ్లో అప్పు తీరకుండా ఆట కోసం వీసా పోగొట్టుకుంటారా? మా గదిలో ఓడినవాళ్లు రాత్రి గిన్నెలు తోముతారు. దెయ్యం గెలిచిన రోజు నలుగురం తోముతాం.