పొయ్యి ధర కన్నా ముందు పొగ దారి చూడండి

కట్టెల పొయ్యి కొనదలచినవారు అంగడిలో సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు: ధర ఎంత, కట్టె ఎంత ఆదా అవుతుంది? ఈ రెండింటికన్నా ముందు మరొక ప్రశ్న అడగాలని వైద్యునిగా నా అభిప్రాయం: ఈ పొయ్యి పొగ ఎక్కడికి పోతుంది?

అనంతపురం వంటి కరువు సీమలో ఇది చిన్న ప్రశ్న కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేలలో మంచి వంటచెరకు అరుదు. కంప, కందికట్టె, వేరుశనగ పొట్టు, పిడకలు, ఏది చేతికందితే అదే ఇంధనం. పాత మట్టిమిద్దెలలో కప్పుకు గవాక్షి ఉండి పొగ కొంతైనా పైకి పోయేది. సిమెంటు కప్పులు వచ్చాక గవాక్షి పోయింది. కొన్ని ఇళ్లలో పొయ్యి మాత్రం లోపలే మిగిలింది.

ఆ పొగలోని సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. జీవితంలో బీడీ ముట్టని స్త్రీలకు సైతం సీఓపీడీ అనే దీర్ఘకాలిక శ్వాసవ్యాధి రావడానికి వంటింటి పొగ ఒక ముఖ్య కారణం. ఇళ్లలోని పొగ మూలంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

మరి మెరుగైన పొయ్యి కొంటే చాలదా? ఒడిశా గ్రామాలలో పొగగొట్టం గల పొయ్యిలపై జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. మొదటి ఏడాది పొగ తగ్గినా, ఆ మేలు తరువాత నిలవలేదు. ఇంటివారు వాటిని క్రమంగా వాడలేదు, మరమ్మతులు చేయించలేదు. అంటే పొయ్యి కొనడంతో పని ముగియదు.

అందువల్ల మీ సొమ్ములో మొదటి వాటా గ్యాసుకు, రెండవది పొగగొట్టానికి, చివరిది పొయ్యికి కేటాయించండి. మన రాష్ట్రంలో 2024 నవంబరులో మొదలైన దీపం-2 పథకం కింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం. పెద్ద కుటుంబానికి అవి చాలవన్నది నిజమే. అయితే ఉన్న గ్యాసును రోజూ లోపల జరిగే వంటకే వాడండి. స్నానపు నీళ్లు కాచే అండాను, దాని పొయ్యిని ఆరుబయటికి మార్చండి. కట్టెలో అధిక భాగం నీళ్లు కాచడానికే ఖర్చయ్యే ఇళ్లలో ఈ ఒక్క మార్పే ఎంతో పొగను తప్పిస్తుంది.

లోపల కట్టెల పొయ్యి తప్పనిసరైతే ఇవి గమనించండి. పొగగొట్టం కప్పును దాటి పైకి లేవాలి. దానిపై వాన పడకుండా మూత ఉండాలి. మసి దులపడానికి వీలుండాలి, నెలకొకసారి దులపాలి. కట్టె కింద గాలి ఆడేందుకు ఇనుప జాలీ ఉండాలి. కట్టెను చిన్నగా చీల్చి, బాగా ఎండబెట్టి వాడండి. పచ్చికట్టె ఎంత మంచి పొయ్యినైనా పొగబెడుతుంది. పొగగొట్టం లేని రేకు పొయ్యి ఎంత చవకైనా, దానికి తగిన చోటు ఆరుబయలే.

చలికాలంలో బాలింత గదిలో తలుపులు మూసి నిప్పుల కుంపటి పెట్టే అలవాటును మాత్రం పూర్తిగా మానండి. పొగ కనబడకపోయినా బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. తల్లికి, బిడ్డకు వెచ్చని దుప్పటి, ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టడం చాలు.

మీ ఇంట్లో పొయ్యి ముందు కూర్చునే తల్లికి ఆయాసం వస్తూంటే వయసు మీద నెట్టివేయకండి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్షతో పాటు ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయించండి. ఆమె వంట ఎక్కడ చేస్తుందో, ఏ పొయ్యి మీద చేస్తుందో వైద్యునికి తప్పక చెప్పండి.