చిన్న కాలేజీలను మూసేయమనడం అన్యాయం

సంపాదకులు గారికి,

ఊళ్లలోని చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో పిల్లలు చేరడం లేదు కాబట్టి వాటిని పట్నం కాలేజీల్లో కలిపేయాలని పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివితే ఒళ్లు మండింది. పిల్లలు చేరడం లేదా? చేరినవాళ్లనే వెనక్కి పంపుతున్నారు!

మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. పాసై, దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీలో ఫిజిక్స్ మేజర్‌కి ఆప్షన్ పెట్టుకుంది. సీటొచ్చింది, పుస్తకాలూ కొన్నాం. తీరా క్లాసులు మొదలయ్యే వేళకు, ఫిజిక్స్‌కి తగినంతమంది లేరు, కంప్యూటర్స్‌కి మారిపొమ్మన్నారు. పిల్ల ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. ప్రిన్సిపాల్ గారిని కలిస్తే తన చేతుల్లో ఏమీ లేదన్నారు.

తగినంతమంది ఎలా ఉంటారండీ? మా రోజుల్లో బీఎస్సీ ఎం.పి.సి. అంటే మూడు సబ్జెక్టులూ సమానం. ఒక్క సెక్షన్ నిండితే మూడు డిపార్టుమెంట్లూ నడిచేవి. 2023-24లో మన రాష్ట్రంలో ఒక్క సబ్జెక్టునే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఆ ఒక్క సెక్షన్ పిల్లలే మేథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ అని ముక్కలయ్యారు. ముక్కలు చేసింది ప్రభుత్వం, శిక్ష చిన్న కాలేజీకా?

నేను చదివిందీ అలాంటి కాలేజీలోనే. ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తుంటే కెమిస్ట్రీ మాస్టారు నా బ్యూరెట్ పక్కనే నిలబడేవారు. ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలవగానే ఆపాలి. రంగు ముదిరిందా, పారబోయించి మళ్లీ మొదలుపెట్టించేవారు. బ్యాచ్‌లో కొద్దిమందిమే ఉండబట్టే ప్రతివాడి చేతినీ ఆయన చూడగలిగారు. ఈ రోజు నేను హైస్కూల్లో సైన్సు చెబుతున్నానంటే ఆ చదువు వల్లే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈఏపీసెట్ ఫలితాలొస్తే మీ పేపర్లో పేజీలకు పేజీలు కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలే. డిగ్రీలో యూనివర్సిటీ ఫస్టొచ్చిన పేదింటి పిల్ల ఫొటో మాత్రం జిల్లా ఎడిషన్లో ఓ మూలన కూడా కనబడదు. ఇక చిన్న కాలేజీల పేరు జనానికి ఎలా తెలుస్తుంది?

పట్నానికి పంపండని రాయడం తేలిక. పొద్దున్నే ఉన్న ఒక్క బస్సూ తప్పితే ఆ రోజు చదువు పోయినట్టే. అంతదూరం వద్దని ఆడపిల్లల్ని మాన్పించి సంబంధాలు చూసే ఇళ్లు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి.

చేరిన పిల్లలు కొద్దిమందే అయినా కోర్సు నడపాలని, ఖాళీ లెక్చరర్ పోస్టులు నింపాలని మీరు సంపాదకీయం రాయండి. కాలేజీలు మూసే సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

— ఒక విద్యార్థిని తండ్రి,
శ్రీకాకుళం జిల్లా